పన్యాంగ్ దగ్గర ఇరవై మూడు ఓట్లు

పన్యాంగ్ చనిపోయి పదకొండో నెల నడుస్తుండగా మా పడవ ఇంజను ఆగిపోయింది. పట్నం రేవుకీ మా దీవికీ సరిగ్గా నడిమధ్యన ఆగింది. పడవలో మూడు బస్తాల మొక్కజొన్న నూక, ఒక గర్భిణి, రెండు కోళ్ళు, నేను ఉన్నాం. పడవ నడిపే దాదో మూత తీసి లోపల చూశాడు. నల్లటి నూనె వేలికి రాసుకుని వాసన చూశాడు. మూత మళ్ళీ పెట్టేసి, ఎవరి శవమో ఎదురొచ్చినట్టు టోపీ తీసి పక్కన పెట్టాడు.

"లోలా సాంతింగ్, పాటేదైనా అందుకో," అన్నాడు.

"ఇప్పుడు పాటేంట్రా?"

"తెడ్డేసుకుంటూ పోవాలిగా. పాటుంటే చేతులకి నొప్పి తెలీదు."

దీవిలో సగం మందికి నేను లోలానే. అందులో రక్తం పంచుకున్న మనవలు నలుగురే, మిగతావాళ్ళకి ఊరి అమ్మమ్మని. నాకు రాని పాట లేదు కాబట్టి అందుకున్నాను. పదకొండు పాటలకి ఒడ్డు చేరాం. గర్భిణి మాత్రం ఆరో పాట నుంచే కోళ్ళతో మాట్లాడుతూ కూర్చుంది, నా గొంతు పడలేదు కాబోలు.

ఆ పడవ ఏ ఒక్కరిదీ కాదు, మా నలభై ఒక్కమందిది. అది ఎలా మాదైందో చెప్పకపోతే తర్వాతి గొడవ మీకు అంతుపట్టదు.

వెనక మాకు పడవ సంఘం ఒకటి ఉండేది. దానికో అధ్యక్షుడు ఉండేవాడు. పేరెందుకులే, పోయాడు పాపం. ఆయన ఉన్నన్నాళ్ళూ పడవ మనుషుల కంటే ఆయన పందుల్నే ఎక్కువ మోసింది. అడిగితే తీర్మానం అయిందనేవాడు. పుస్తకం చూపించమంటే వానకి తడిసిందనేవాడు. తర్వాత ఆ జబ్బు కాలంలో అంతా ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు చోలెంగ్ కొడుకు రామిల్ పట్నం నుంచి తిరిగొచ్చాడు. వాడు గదిలో కూర్చుని ఎక్కడెక్కడి దేశాల వాళ్ళకో కంప్యూటర్ పని చేసిపెడతాడు. వాడే చెప్పాడు, అధ్యక్షుడూ కార్యదర్శీ లేకుండా సంఘం నడపొచ్చని.

"మరి ఎవరు నడుపుతారురా?" అని అడిగాను.

"నిబంధనలే నడుపుతాయి లోలా. అందరం కలిసి ఒకసారి రాసుకుంటాం. ఆ తర్వాత అవి వాటంతటవే పనిచేస్తాయి. వేలమంది కంప్యూటర్లలో ఒకే మాట రాసుంటుంది, ఎవరూ ఒక్కరే కూర్చుని మార్చలేరు."

"వానకి తడవదా?"

"తడవదు."

ఆ ఒక్క మాటతో మేమంతా ఒప్పుకున్నాం. రామిల్ దాన్ని డావో అంటాడు. మేం మూగ సెక్రటరీ అంటాం. దాని తీరు ఇది. ఒక్కో సభ్యుడికి ఒక్కో టోకెన్, ఒక్కో టోకెన్‌కి ఒక్కో ఓటు. ఎవరికి ఏం కావాలన్నా ఫోన్లో ప్రతిపాదన పెట్టొచ్చు. మూడు రోజులు ఓట్లు పడతాయి. ఇరవై ఒక్కమందైనా ఓటు వేయాలి, వేసినవాళ్ళలో సగానికి పైగా సరేననాలి. అప్పుడు ఒక రోజు ఆగి, ఎవరి సంతకమూ అడక్కుండా సంఘం డబ్బుల పెట్టె దానంతటదే తెరుచుకుంటుంది. ఇరవై మందే వేస్తే మాత్రం తెరుచుకోదు. మూగ సెక్రటరీకి పందుల్లేవు, బావమరుదుల్లేరు. అలాగని జాలి కూడా లేదు.

అందరం రోజూ ఫోన్లు చూసేవాళ్ళం కాదు కదా. నాబోటి వాళ్ళకి కళ్ళు ఆనవు, చదువు ఆనదు. దానికీ ఓ దారి పెట్టాడు రామిల్. మన ఓటుని నమ్మిన మనిషికి అప్పగించొచ్చు. వాళ్ళు వేసినప్పుడల్లా మనదీ వాళ్ళతో పాటే పడుతుంది. వద్దనుకున్న రోజు బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి వెనక్కి తీసుకోవచ్చు. ఆ నొక్కు మన ఫోన్లో మనమే నొక్కాలి.

మేం ఇరవై ఇద్దరం పన్యాంగ్‌కి అప్పగించాం. ఆవిడ సొంతది కలిపితే ఇరవై మూడు.

పన్యాంగ్ మా మంత్రసాని. దీవిలో సగం మందిని ముందుగా పట్టుకున్నవి ఆవిడ చేతులే. నా పిల్లలు ఐదుగురూ ఆ చేతుల్లోకే వచ్చారు. ఒక్క ప్రతిపాదన కూడా చదవకుండా వదిలేది కాదు. రేవు దగ్గర పడవ కోసం కూర్చునే పాకలో, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, పైకి చదివేది. చదివాక దాదాపు ఎప్పుడూ వద్దనే వేసేది. పడవకి ఎర్ర రంగు వేద్దామంటే వద్దంది. పాటల పెట్టె పెడదామంటే వద్దంది. బల్లలకి మెత్తలు కుట్టిద్దామని నేనే పెట్టాను, నా నడుం సంగతి ఆవిడకి తెలియంది కాదు, దానికీ ఇరవై మూడు వద్దులు పడ్డాయి. అందులో నా ఓటు కూడా ఉంది. నా మెత్తని నేనే వద్దనుకున్నట్టయింది. వారం రోజులు మాట్లాడలేదు నేను.

ఇంజను ఆగింది గురువారం. ఆ సాయంత్రమే రామిల్ ప్రతిపాదన పెట్టాడు. పట్నంలో మెకానిక్ బెర్తో దగ్గర బాగుచేసి పెట్టిన ఇంజను ఒకటుంది. ఈ ఆదివారం కాక, ఆ పై ఆదివారం దాకా మాకోసం ఆపుతానన్నాడు. ఆ తర్వాత పక్క దీవి వాళ్ళు తీసుకుంటారు. ఆ మర్నాడు సోమవారమే బడులు తెరుస్తారు, తొమ్మిది మంది పిల్లలు రోజూ ఆ పడవెక్కాలి. అసలు భయం అది కూడా కాదు. దాదోకి పట్నంలో పడవలు కట్టేచోట పని ఇస్తామన్నారు, అదే సోమవారం చేరమన్నారు.

"ఆదివారానికి ఇంజనొస్తే ఇక్కడే ఉంటా లోలా," అన్నాడు. "రాకపోతే నేను వెళ్ళక తప్పదు. పిల్లలు ముగ్గురు. ఆగిపోయిన పడవని ఎన్నాళ్ళని తుడుస్తూ కూర్చోను?"

మా దీవి చుట్టూ పగడపు రాళ్ళు. ఆటు సమయంలో వాటి మధ్య నుంచి పడవ తీసుకురావడం దాదోకి తప్ప ఇంకెవరికీ రాదు. వాడు పోతే ఇంజనున్నా లేకపోయినా ఒకటే.

ఈ మొదటి ఆదివారం ఓట్ల గడువు ముగిసింది. పద్దెనిమిది పడ్డాయి. పదిహేడు సరే, ఒకటి వద్దు. ఆ వద్దు చోలెంగ్‌ది. కొట్టు నడుపుకునే మనిషి, కొడుకు పెట్టిన ప్రతిపాదనకే వద్దని వేసింది.

"ఎందుకే అలా వేశావు?" అని అడిగాను.

"అందరూ సరే అంటే అది ఎన్నికలా ఉండదు," అంది సబ్బులు సర్దుకుంటూ.

గొడవ ఆ ఒక్క వద్దుతో కాదు. పద్దెనిమిదే పడ్డాయి, ఇరవై ఒకటి కావాలి. సరేలే, మిగతావాళ్ళు బద్ధకించారు, మళ్ళీ పెడితే వేస్తారనుకున్నాం. రామిల్ తల అడ్డంగా ఊపాడు.

"దుబాయ్‌లో ఉన్నవాళ్ళు కూడా వేశారు లోలా. వేయగలిగిన వాళ్ళందరూ వేసేశారు. మొత్తం పద్దెనిమిదే. మిగతా ఇరవై మూడూ..." అని ఆగాడు.

"ఇరవై మూడూ?"

"లోలా పన్యాంగ్ దగ్గరున్నాయి."

పాకలో ఉన్నవాళ్ళం అందరం కిందకి చూశాం. పన్యాంగ్‌ని పాతిపెట్టి పదకొండు నెలలు. తొమ్మిది రోజుల ప్రార్థనలు చేశాం, నలభయ్యో రోజు భోజనం పెట్టాం, ఆవిడ ఇంటివాళ్ళు ఇంకా రొమ్ము మీద నల్లగుడ్డ ముక్క పెట్టుకుని తిరుగుతున్నారు. ఇంత మందిమి ఆవిడకి ఇన్ని చేశాం, మా ఓట్లు ఆవిడతో పాటే ఉన్నాయని ఒక్కరికీ తట్టలేదు. కాదు, అబద్ధం ఎందుకు? నాకు తట్టింది. ఊరుకున్నాను. ఏడాది తిరిగేదాకా పోయినవాళ్ళ వస్తువు కదపం మేం. పన్యాంగ్ చెప్పులు ఇప్పటికీ గుమ్మం పక్కనే ఉన్నాయి, కోళ్ళు వాటిలో పడుకుంటున్నాయి. అలాంటిది ఆవిడ చేతిలో పెట్టిన మాటని ఎలా లాక్కుంటాం?

"ఆవిడ పోయారని దానికి చెప్పలేవా?" అన్నాడు దాదో.

"ఎవరికి చెప్పను కుయా?" అన్నాడు రామిల్. వాడు దాదోని అన్న అనే పిలుస్తాడు. "దానికి మనుషులు తెలీదు, ఓట్లే తెలుసు. ఆవిడ ఇంకా ఆలోచిస్తున్నారని అనుకుంటుంది."

"మూడు రోజులైనా ఆలోచిస్తూనే ఉందా? పన్యాంగేనా అది?" అంది చోలెంగ్, పాక పక్కనే ఉన్న తన కొట్లోంచి. నవ్వు వచ్చింది కానీ ఎవరం నవ్వలేదు.

లెక్క చూస్తే చిన్నదే. ముగ్గురు తమ ఓట్లు వెనక్కి తీసుకుంటే చాలు, పద్దెనిమిది కాస్తా ఇరవై ఒకటవుతుంది. కాకపోతే ప్రతిపాదన పెట్టక ముందే తీసుకోవాలి. పెట్టిన క్షణానికి ఏ ఓటు ఎవరి దగ్గరుంటే అదే లెక్క, ఆ తర్వాత తీసుకున్నది పై ప్రతిపాదనకే. మంగళవారం ఐదు గంటలకి పెడితే శుక్రవారం ఓట్లు, శనివారం పెట్టె, ఆదివారం ఇంజను. గంట అటైనా దాదో వెళ్ళిపోయినట్టే.

ముగ్గురు చాలు. అదే వచ్చిన చిక్కు. ముగ్గురు చాలనేసరికి ప్రతివాళ్ళూ ఆ ముగ్గురూ ఇంకెవరో అనుకున్నారు.

సాయంత్రం రామిల్ మా ఇంటికొచ్చాడు. నేను బుడ్బుడ్ కోసం అరిటాకుల్లో బంక బియ్యం చుడుతున్నాను. వాడు కూర్చుని రెండు ఆకులు చింపాక గానీ విషయానికి రాలేదు.

"లోలా, ఆ పన్నెండు మాటలు నీకు తెలుసు కదా."

తెలుసు. ఫోన్ పోయినా పాడైనా, పన్నెండు మాటలు వరసగా చెప్తే మన ఓటు ఇంకో ఫోన్లో తెరుచుకుంటుంది. పన్యాంగ్ పోయే ముందు వారం, నీరసంగా ఉన్నా, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. "కార్పోకి తన కట్టుడు పళ్ళు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు. నీకైతే ఎవరి అప్పచెల్లెళ్ళ పెళ్ళిలో ఏం వడ్డించారో కూడా గుర్తే. ఉంచుకో," అంది. కార్పో ఆవిడ మొగుడు. నేను ఆ మాటల్ని జపమాల బాణీలో పెట్టుకున్నాను. అన్నీ పరాయి భాష మాటలు. మూడోదానికి చలికాలమని అర్థమట. నేను చూడలేదు ఎప్పుడూ.

"నువ్వు చెప్తే నేను ఈ పాత ఫోన్లో తెరుస్తాను," అన్నాడు రామిల్. "ఆవిడ పేరు మీద ఒక్క సరే నొక్కితే ఇరవై మూడూ ఒకేసారి పడతాయి. ఎవరి ఓటూ ఎవరూ లాక్కోనక్కర్లేదు. ఎవరికీ మనసు కష్టం ఉండదు."

"దానికి తెలీదా, నేను పన్యాంగ్‌ని కానని?"

"ఆ పన్నెండు మాటలు ఎవరు చెప్తే వాళ్ళే పన్యాంగ్ లోలా దానికి."

నిజం చెప్పాలంటే నాకు బాగా ఆశ పుట్టింది. చేతులు కడుక్కుని ఫోన్ నేనే తీసుకున్నాను. బాణీ లోపల అనుకుంటూ పదకొండు మాటలు కొట్టాను, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. పన్నెండోది కొట్టబోతూ అడిగాను.

"ఇది కార్పో దగ్గరున్న ఆవిడ ఫోన్లో కనబడుతుందా?"

రామిల్ ఇంకో ఆకు చింపాడు. "కనబడుతుంది," అన్నాడు. "ఎపిఫానియా ఓటు వేశారు, అని వస్తుంది." పన్యాంగ్ అసలు పేరు అది.

పొద్దున్నే కాఫీ పెట్టుకుని ఆ ముసలాయన భార్య ఫోన్ తెరుస్తాడు. పదకొండు నెలల తర్వాత ఆవిడ ఓటు వేసిందని చూస్తాడు. నేను ఫోన్ వాడి ఒళ్ళో పెట్టేశాను.

"ఇంకోటి కూడా ఉంది," అన్నాను. "నేను పన్యాంగ్‌నైతే పన్యాంగ్‌లాగే వేయాలి. దాని తీరు నాకు తెలుసు. ఇంజనంటే ఇంకో నెల తెడ్డు వేయమనేది. ఇరవై మూడు వద్దులు పడతాయి నాయనా."

"అయితే ఏం చేస్తాం?"

"ఆకులు చుట్టు ముందు."

సోమవారం బుడ్బుడ్ పట్టుకుని కార్పో దగ్గరికి వెళ్ళాను. నా ఓటు నేను తీసుకుంటాను, కానీ ఆయనకి చెప్పి తీసుకుంటాను. అలా అనుకున్నాను దారి పొడుగునా. ఏం అనాలో కూడా వరసలో పెట్టుకున్నాను.

కార్పో సన్నటి మనిషి, మాటలు తక్కువ. గొంతు మాత్రం పెద్దది. మా వైపు శవజాగారాల్లో నిద్ర రాకుండా బింగో ఆడతారు, అంకెల బిళ్ళలు తీసి పైకి పిలిచే ఆట. నలభై ఏళ్ళుగా అంకెలు పిలిచేది ఆయనే. పెళ్ళాం జాగారానికీ తనే పిలుస్తానని పట్టుబట్టాడు. మూడు అంకెలు పిలిచి నాలుగోది చేతిలో పట్టుకుని ఊరుకుండిపోయాడు. ఆ రాత్రి నుంచి మళ్ళీ పిలవలేదు.

నన్ను చూసి సిక్వాతే కాచాడు. చిక్కటి ఆ కోకో గుటకలేస్తూ కూర్చున్నాం. ఆయన గోడ మేకుకి వేలాడుతున్న గుడ్డసంచీలోంచి పన్యాంగ్ ఫోన్ తీశాడు. అద్దం చొక్కాకి తుడిచాడు.

"రోజూ ఎండపలకకి పెట్టి ఛార్జింగ్ చేస్తాను," అన్నాడు. "ఇదిగో చూడు సాంతింగ్. ఇరవై మూడు. ఏడాది కావొస్తోంది, ఒక్కరు కూడా తీసుకోలేదు. పోయిన మనిషిని ఇంతమంది నమ్మడం ఎక్కడైనా విన్నావా?"

నేను దారి పొడుగునా పేర్చుకున్న మాటలన్నీ సిక్వాతేతో పాటు లోపలికి పోయాయి.

"లేదు," అన్నాను. "బుడ్బుడ్ వేడిగా ఉండగానే తిను."

ఇంటికొచ్చి నన్ను నేను తిట్టుకున్నాను. నోరు మూతపడదని దీవంతా చెప్పుకునే మనిషిని, అవసరానికి అరటిపండులా మెత్తబడిపోయాను.

మంగళవారం మూడింటికే అందరం పాకలో చేరాం. మామూలుగా మావాళ్ళు మూడంటే నాలుగున్నరకి వస్తారు. ఆ రోజు ముందే వచ్చేశారు, దాదో మొహం చూడలేక. వాడు గట్టున తన సంచీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఓట్లు అప్పగించిన వాళ్ళలో కార్పోని తీసేస్తే ఇరవై ఒక్కరం. ఇద్దరు మంచం మీద ఉన్నారు. మిగతా పంతొమ్మిది మందిమీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"మీరు పెద్దవాళ్ళు, ముందు మీరు."

"అయ్యో, నా పెద్దబ్బాయిని పుట్టించింది ఆవిడే. నేనెలా తీస్తాను?"

"నా ముగ్గుర్నీ ఆవిడే పుట్టించింది. నేనైతే తీస్తానా?"

"అలా అయితే దీవిలో తీసేవాళ్ళే లేరు. మగవాళ్ళు తీయండి, మీరెవరినీ కనలేదు కదా," అంది చోలెంగ్. ఆమె ఎవరికీ అప్పగించలేదు కాబట్టి పొగరుగా సోడా తాగుతోంది. "నాలుగు కొట్టింది. ఇంకో గంటలో దాదోకి సంచీ మోసిపెడతారా, సంతాపం తెలుపుతారా?"

నాకు కోపమొచ్చింది. చోలెంగ్ మీదో నా మీదో తెలీదు. ఫోన్ తీశాను. పన్యాంగ్ పేరు పక్కన మీట ఉంది, వెనక్కి తీసుకో అని. పన్యాంగ్, నన్ను తర్వాత తిట్టు, అనుకుని నొక్కాను.

"నాది అయింది. ఇంకో ఇద్దరు," అన్నాను.

ఎవరూ కదల్లేదు. పది నిమిషాలు గడిచాయి. నేను ఒక్కదాన్నే వీధిలో బట్టలు జారిపోయిన దానిలా నిలబడ్డాను.

అప్పుడు కొబ్బరిచెట్ల దారిలోంచి కార్పో వచ్చాడు. అంత వేగంగా నడవడం నేను ఈమధ్య చూడలేదు. చేతిలో ఫోన్ ఉంది. పాక ముందు ఆగి, ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఇరవై రెండైంది," అన్నాడు. "ఎవరది?"

నేను తప్ప అందరూ సముద్రం వైపు చూశారు.

"నేను కార్పో," అన్నాను. "నిన్న చెబుదామనే వచ్చాను. నోరు రాలేదు."

"నీకా?"

"నాకే."

నేనిక దాచలేదు. ఇంజను సంగతి, ఇరవై ఒకటి సంగతి, దాదో సంచీ సంగతి అంతా చెప్పాను. రామిల్ తెచ్చిన ఫోన్లో పదకొండు మాటలు కొట్టిన సంగతీ చెప్పాను. అది వినగానే ఆయన బల్ల మీద కూర్చుండిపోయాడు.

"ఇంకొక్క మాట కొట్టి ఉంటే పొద్దున్నే నేను పోయేవాణ్ణి," అన్నాడు.

"అందుకే కొట్టలేదు."

"ముగ్గురు చాలా?"

"చాలు లోలో," అన్నాడు రామిల్ మెల్లగా, తాతని మేం పిలిచే పిలుపుతో. "ఇంకో ఇద్దరు."

కార్పో తల ఊపాడు. తర్వాత లేచి నిలబడి, పాకలో ఉన్న అందరినీ వరసగా చూశాడు.

"ఈ దీవి సంగతి నాకు తెలుసు," అన్నాడు. "ముగ్గురు తీస్తే, ఆ ముగ్గుర్నీ చచ్చేదాకా ఎత్తిపొడుస్తారు. పన్యాంగ్ దగ్గర ఓటు లాక్కున్నవాళ్ళని. ఈ సాంతింగ్‌ని అయితే చచ్చాక కూడా వదలరు. అందరూ తీయండి. ఒక్కళ్ళు మిగలకూడదు. తీయండి, నేను పిలుస్తాను."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పుడు కిందవరసలో కూర్చున్న ముసలి జాలరి ఒకడు, కళ్ళు తుడుచుకుని, తన ఫోన్ నొక్కాడు. కార్పో చేతిలో అద్దం వెలిగింది. ఆయన గొంతెత్తాడు, ఏడాదిగా మేం వినని గొంతు.

"ఇరవై ఒకటి... ఇరవై... ఒక్కటీ!"

ఆ సాగదీత వినగానే పాకంతా కదిలింది. ఆడవాళ్ళు సంచుల్లో ఫోన్లు వెతకడం మొదలుపెట్టారు. ఇరవై. పంతొమ్మిది. కార్పో ఒక్కో అంకెకి ఒక్కో సాగదీత, వెనకటి రోజుల్లోలా వెటకారం కూడా కలిపాడు. "పద్దెనిమిది, చోలెంగ్ మొదటి సంబంధం నాటి వయసు." "ఆ సంబంధం నీ పోలికే, అందుకే వద్దన్నాను," అని అరిచింది చోలెంగ్ కొట్లోంచి.

పదమూడు దగ్గర ఆగిపోయింది. మంచం మీదున్న ఇద్దర్నీ వదిలేస్తే మిగిలింది తొమ్మిది మంది, అందరి వేళ్ళూ ఫోన్ల మీదే ఉన్నాయి, ఏమీ జరగడం లేదు. రహస్య అంకె అడుగుతోంది ఫోను. మూడేళ్ళ కిందట పెట్టుకున్న అంకె. మర్చిపోయారు.

రామిల్ నెత్తి పట్టుకున్నాడు. నాలుగున్నర.

"సాంతింగ్," అంది పక్కనున్నావిడ గొంతు తగ్గించి, "నాది నీకు చెప్పాను కదా?"

చెప్పింది. ఆమే కాదు, తొమ్మిది మందీ చెప్పారు. మర్చిపోతామేమోనని ఫోన్లు కొన్న రోజే వచ్చి నా చెవిలో వేసిపోయారు. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెవిలో చెప్పాను. ఒకరిది చనిపోయిన గేదె పుట్టిన సంవత్సరం. ఒకరిది మొదటి ప్రియుడి ఇంటి నంబరు, ఆవిడ మొగుడి పక్కనే కూర్చుని ఉంది, ఇంకా జాగ్రత్తగా చెప్పాను.

రామిల్ రెండు చెవులూ మూసుకున్నాడు. "ఇది నేను వినలేదు," అన్నాడు. "ఎవరి రహస్యం వాళ్ళ దగ్గరే ఉండాలని నెల రోజులు పాఠం చెప్పాను."

"ఉంది కదరా, నా దగ్గరే," అన్నాను. "ఇంకెవరికైనా చెప్పానా?"

ఐదుకి పది నిమిషాలుండగా అంకె నాలుగుకి దిగింది. రామిల్ మంచం మీదున్న ఇద్దరి ఇళ్ళకీ పరిగెత్తాడు. మూడు, అని పిలిచాడు కార్పో. కాసేపటికి రెండు, అన్నాడు. ఆ రెండుని సాగదీయలేదు, మామూలుగా అన్నాడు.

ఆయన చూపుడువేలు ఇంకా అద్దం మీదే ఉంది. ఆ రెండిట్లో ఒకటి పన్యాంగ్ సొంత ఓటు. రెండోది ఆయనది.

"నీదో, లోలో?" అని అడిగాడు దాదో. వాడు ఎప్పుడొచ్చాడో సంచీ వదిలేసి వచ్చి మా వెనక నిలబడి ఉన్నాడు.

"నాది లేకపోతే పడవ ఆగుతుందా?"

"ఆగదు. ముప్పై తొమ్మిది ఉన్నాయి ఇప్పుడు."

"అయితే ఉండనీ," అన్నాడు కార్పో. ఫోన్ తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "పెళ్ళైన కొత్తలో కూడా ఇద్దరమే ఉండేవాళ్ళం."

సరిగ్గా ఐదింటికి ప్రతిపాదన పడింది. శుక్రవారానికి ముప్పై ఏడు ఓట్లు వచ్చాయి. ముప్పై ఆరు సరే, ఒకటి వద్దు. చోలెంగ్‌ని ఎవరూ ఏమీ అడగలేదు. నా ఓటు నేనే వేసుకోవడం అదే మొదటిసారి. మనవరాలి చేత మూడుసార్లు చదివించుకున్నాను, పన్యాంగ్‌లా కళ్ళజోడు కిందికి జార్చి. శనివారం సాయంత్రం పెట్టె తెరుచుకుంది. ఆదివారం దాదో, రామిల్, బెర్తో కలిసి పక్క దీవి వాళ్ళ పడవలోనే ఇంజను తెచ్చారు. ఆ ఇంజను మీద కన్నేసినవాళ్ళే దాన్ని మోసుకొచ్చి పెట్టాల్సి వచ్చింది పాపం. వాళ్ళకి కడుపు నిండా ఎండుచేప, అన్నం, కల్లు పెట్టి పంపాం.

సోమవారం పొద్దున్న తొమ్మిది మంది పిల్లలు, ఇస్త్రీ బట్టలు మడత నలక్కుండా, నిలబడే వెళ్ళారు. దాదో టోపీ పెట్టుకున్నాడు.

ఆ తర్వాత రామిల్ ఇంకో ప్రతిపాదన పెట్టాడు. అప్పగించిన ఓట్లన్నీ ఏడాదికోసారి, నవంబరు ఒకటిన, వాటంతటవే ఎవరివి వాళ్ళకి తిరిగి రావాలని. కావాలంటే మళ్ళీ అప్పగించుకోవచ్చు. ఆ రోజే ఎందుకంటే, ఆ రోజు దీవంతా సమాధుల దగ్గరే ఉంటుంది, అన్నాలూ కొవ్వొత్తులూ పట్టుకుని. ఎవరున్నారో ఎవరు లేరో అక్కడ కూర్చుంటే మర్చిపోవడానికి వీలుండదు. దానికి అందరూ సరే అన్నారు. చోలెంగ్ కూడా. తనకి ఒంట్లో బాగాలేదేమోనని ఇద్దరు వెళ్ళి చూసొచ్చారు.

మొన్న నవంబరులో నాకు తొమ్మిది ఓట్లు అప్పగించారు. ఆ తొమ్మిదీ ఎవరివో చెప్పక్కర్లేదు, రహస్య అంకెలు మర్చిపోయినవాళ్ళవే. మెత్తల ప్రతిపాదన మళ్ళీ పెట్టాను. నెగ్గింది. ఇప్పుడు నడుం హాయిగా ఉంది.

పన్యాంగ్ సమాధి దగ్గర కార్పో, నేను కూర్చుని పొద్దుపోయేదాకా వాదులాడుకున్నాం. ఆ పెట్టెలో ఇంజనుకి సరిపడా డబ్బు ఉందంటే పన్యాంగ్ వద్దుల వల్లే, అది ఇంజను కోసమే దాచిపెట్టింది, తప్పకుండా సరే అనేది అంటాడాయన. లేదు, ఇంకో నెల తెడ్డు వేయమనేది అంటాను నేను. నలభై ఏళ్ళు కాపురం చేసింది నేనా నువ్వా అంటాడు. యాభై ఏళ్ళు కబుర్లు చెప్పుకుంది నేను కాదా అంటాను.

వాదన తేలకముందే ఆయన జేబులోంచి ఫోన్లు రెండూ తీశాడు, తనదీ ఆవిడదీ. కొత్త నిబంధన ప్రకారం ఆవిడ దగ్గర ఒకటే మిగిలింది. ఆయన తన ఫోన్లో పన్యాంగ్ పేరు వెతికి, అప్పగించు అన్నచోట నొక్కాడు. రెండైంది.

"రామిల్‌కి చెప్పకు," అన్నాడు.

"చెప్పను," అన్నాను. చెప్పక్కర్లేదు కూడా. అందరి ఫోన్లలోనూ కనబడుతూనే ఉంది.